పొదుగు పెట్టను, దాని పిల్లలను మరల మందలో చేర్చు విధము

పల్లెలలో కోడిపెట్ట యనునది యింటి యిల్లాలి సొంత రొక్కము. పంట సొమ్ము కళ్లము నుండియే అప్పులవారి చేతికి పోవచ్చును గాని, గ్రుడ్లమ్మిన పైకము సాధారణముగ ఆమె కొంగుముడిలోనే యుండును. బిడ్డల పలకలు, పండుగనాటి నూనె, ఆకస్మికముగ వచ్చిన జ్వరమునకు మందు, ఇవి తఱచుగ ఆ ముడినుండియే వచ్చును. కావున నొక పెట్ట పది పిల్లలను లేపి, వానిలో రెండు మాత్రమే మిగిలిన యెడల, ఆ యింటి చిల్లర ఖర్చులో ఎంత భాగము పోయినదో సభ్యులు తామే లెక్క వేసికొనగలరు.

గ్రుడ్లను పొదిగించు నేర్పును మన స్త్రీలకు వేఱొకరు నేర్పనక్కఱలేదు. నష్టము గ్రుడ్డులోకంటె, పిల్ల వెలువడిన పిమ్మట మొదటి రెండు నెలలలోనే మిక్కుటముగ నున్నది. ఏమైనదని యడిగినచో "గ్రద్ద తన్నుకొని పోయినది" అందురు. గ్రద్ద మాట నిజమే. కాని మేము చూచినంతవఱకు, గ్రద్దకు పిల్లను అందించునది తఱచుగ మందలోని కలహము. తల్లి పోరులో నుండగా పిల్లలు చెదరును. చెదరిన పిల్ల గ్రద్దకో, పిల్లికో, కుడితి తొట్టికో దక్కును. ఈ కలహము పుట్టు కారణమును, దానిని నివారించు పద్ధతిని ఈ నెల వివరించుచున్నాము.

మందలోని వరుస

పెరటిలో పది కోళ్లున్న యెడల ఆ పదియు సమానములు కావు. మేత చల్లినప్పుడు గమనింపుడు. ఒక పెట్ట తక్కినవానినెల్ల పొడిచి ముందుగ తినును. దానిని ఏదియు పొడువదు. రెండవది మొదటిదానికి మాత్రము తొలగి, మిగిలినవానిని పొడుచును. ఇట్లే కడపటిదానివఱకు నడచును. నార్వే దేశస్థుడగు థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె యనునాతడు చిన్ననాటినుండియు కోళ్లను కనిపెట్టి చూచి, ఈ పొడుచు వరుసను గూర్చి 1922వ సంవత్సరమున జర్మను భాషలో ప్రకటించెను. ఆతడు వ్రాసిన సంగతిని మన యింటి పెరటిలోనే చూడవచ్చును.

ఈ వరుస కుదిరియున్నంత కాలము మందలో శాంతి యుండును. ఒక చూపుతోనే చిన్నది పెద్దదానికి తొలగును. క్రొత్త కోడి వచ్చినను, పాత కోడి రెండు మూడు వారములు కంటికి కానరాక తిరిగి వచ్చినను వరుస చెడును. అది మరల కుదురువఱకు పోరు తప్పదు.

పొదుగు పెట్ట ఇరువదియొక్క దినములు గ్రుడ్లపై కూర్చుండును. అప్పుడు దాని రక్తములో ప్రోలాక్టిన్ అను స్రావము హెచ్చియుండుటచే గ్రుడ్లు పెట్టుట నిలిచిపోవును. ఆకలి మందగించును, ఒడలు చిక్కును, తలమీది యెఱ్ఱని జుట్టు కుదించుకొని పాలిపోవును. ఇట్లు చిక్కి రంగు మాఱి వచ్చిన పెట్టను మంద పరాయిదానివలె చూచును. దాని వెంటనున్న పిల్లలు మంద మున్నెన్నడును చూడని జీవములు. తల్లియా, పిల్లలకొఱకు దగ్గఱకు వచ్చిన ప్రతిదానిపైకి లేచును. ఇంక పోరునకు వేఱు కారణ మక్కఱలేదు.

మేము చేసిన తప్పు

ఈ సంగతిని మేము పరులకు కలిగించిన నష్టమువలన నేర్చుకొంటిమి. కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామమున, సంఘ సభ్యురాలగు ఒక వితంతువు ఇంట పెట్ట పొదుగునకు వచ్చినది. పెట్టను మందకు దూరముగ, ఇంటి వెనుక కొట్టులో తలుపు వేసి కూర్చుండబెట్టవలెననియు, పిల్లలు లేచిన పిమ్మట పది దినములు అక్కడనే యుంచి తరువాత విడువవలెననియు మేము ఆమెకు చెప్పితిమి. ఆమె అట్లే చేసెను. పండ్రెండు గ్రుడ్లకు పదునొకండు పిల్లలు లేచినవి. మేమును సంతోషించితిమి.

విడిచిననాటి యుదయమున తలుపు తెఱచిన కొంతసేపటికే మందలోని ముసలి పెట్ట తల్లిపై బడెను. రెండును పెనగులాడుచుండగా పిల్లలు నలుదిక్కుల పాఱినవి. రెండు పిల్లలు కుడితి తొట్టిలో పడి చచ్చినవి. ఒకదానిని మందలోని కోళ్లే తలపై పొడిచి చంపినవి. రెంటిని గ్రద్ద కొనిపోయెను. ఒకటి యేమైనదో తెలియలేదు. మధ్యాహ్నమునకు అయిదు మిగిలినవి.

మఱునా డామె మాయొద్దకు వచ్చి, "తమరు చెప్పినట్టే చేశాను బాబుగారూ. నెల్లాళ్లు కంటికి కనపడకుండా దాచిన కోడిని ఒక్కసారిగా గుంపులో వదిలితే అది చుట్టమవుతుందా, పరాయిదవుతుందా? నాకు అనుమానం వచ్చింది గానీ, చదువుకున్నవారు చెబుతున్నారని ఊరుకున్నాను" అనెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. పోయిన ఆఱు పిల్లల వెల మేమిత్తుమనగా ఆమె పుచ్చుకొనలేదు. మఱుసటి మాఱు దగ్గఱనుండి చూడవలసినదని మాత్రము కోరెను. మేమట్లే చూచితిమి. ఈ క్రింద వ్రాయు పద్ధతిలో సగము ఆమె యాలోచనయే.

పొదుగుచోటు

మందలో చేర్చు పని పిల్లలు లేచిన పిమ్మట మొదలగునది కాదు. గ్రుడ్లు పెట్టి కూర్చుండబెట్టిన దినముననే మొదలగును. పెట్టను కన్నుచాటు చేయరాదు. మంద తిరుగు వసారాలోనో, గూటి ప్రక్క చూరు క్రిందనో ఒక మూలను ఎంచుకొని, గంపలో ఎండుగడ్డి పఱచి గ్రుడ్లు పెట్టి, చుట్టును తడిక కట్టవలెను. తడిక సందులనుండి మంద పెట్టను, పెట్ట మందను చూచుచుండును. కాని వేఱొక పెట్ట లోనికి దూఱి అదే గంపలో గ్రుడ్డు పెట్టుటకు గాని, పొదుగు పెట్టను లేవగొట్టుటకు గాని వీలుండదు.

పొదుగు పెట్ట దినమున కొకసారి, రమారమి పావుగంటనుండి అరగంటవఱకు గ్రుడ్లు విడిచి లేచును. అప్పుడు దానికి జొన్నలు, నీరు ఇచ్చి, బూడిదయు పొడి మట్టియు కలిపిన గుంటలో పొరలనియ్యవలెను. ఈ విరామమును మంద మేత వేళకే కుదుర్చుకొన్న యెడల, పెట్ట ప్రతిదినమును తన పాతవారితో కలిసి నాలుగు గింజలు తిని పోవును. దీనిచేత దాని స్థానము మందలో పూర్తిగ చెడదు. పొరలుటచే పేనులును కొంత తగ్గును. ఱెక్కల క్రిందను, తోక మొదటను పేనులున్నవేమో వారమున కొకసారి చూడవలెను. తల్లికి పేనులున్న యెడల అవి పుట్టిన దినముననే పిల్లల తలల కెక్కును.

మొదటి వారము

పిల్ల గ్రుడ్డులోని పచ్చసొనను కడుపులోనికి తీసికొనియే వెలువడును. కావున మొదటిదినము మేతకై తొందరపడ నక్కఱలేదు. తల్లిని కదపక విడువవలెను. మఱునాటినుండి తల్లిని, పిల్లలను పెద్ద గంప క్రింద పొడి ఊకపై నుంచి, సన్నని నూకలు, ఉడికించిన చోళ్లు, దొరకినపుడు చెదలు పెట్టవచ్చును. వేరుసెనగ చెక్క మంచిదే గాని, బూజు పట్టినదానిని ముట్టనీయరాదు. అందు పుట్టు విషము కోళ్లకు ప్రాణహాని చేయును. నీరు లోతులేని మట్టి మూకుడులో పోసి, అందు గులకఱాళ్లు వేయవలెను. ఊక తడిసినచో వెంటనే మార్చవలెను. పిల్లలకు మూడవ వారము మొదలుకొని వచ్చు రక్తపు పారుడునకు తడినేలయే నెలవు.

రెండవ వారము: చూపుల పరిచయము

ఎనిమిదవ దినమునుండి తల్లిని, పిల్లలను పగటివేళ పెరటిలోనికి తేవలెను; కాని విడువరాదు. మంద మేయుచోట నాలుగైదడుగుల చదరముగ తడికలతో దడి కట్టి, పైన పాత వల కప్పవలెను. దడి యడుగుభాగము జానెడు ఎత్తువఱకు సందులేకుండ నుండవలెను. లేనిచో పిల్లలు వెలుపలికి జాఱుటయు, వెలుపలి కోళ్లు లోనివానిని పొడుచుటయు జరుగును. దడిలో సగమునకు నీడ తప్పక యుండవలెను.

మందకు మేతను దడి వెలుపల ప్రక్కగా చల్లి, అదే వేళ తల్లికి లోపల ప్రక్కగా చల్లుడు. తడిక నడుమ నుండగా రెండు పక్షములును ఒకచోట తినుట కలవాటు పడును. మొదటి రెండు దినములు మందలోని పెద్ద పెట్టలు దడి చుట్టును తిరిగి ఱెక్కలు విదల్చును. తల్లియు ఈకలు నిక్కించి లోపలనుండి ఎగయును. క్రమముగ ఈ వేడుక తగ్గును. వెలుపలి కోళ్లు దడివంక చూడక మేసికొనుచు, లోపలి తల్లి వానిని చూచియు ఈకలు నిక్కింపకున్న యెడల, కాలము వచ్చినదని గుర్తు. పదునాలుగు దినములు నిండినను ఈ గుర్తు కానరానిచో మఱి నాలుగు దినములు ఆగుడు. దినముల లెక్కకంటె కోళ్ల నడవడి నమ్మదగినది.

విడుచు దినము

విడుచుటకు ముందు ఈ పనులు చేసికొనవలెను.

(1) కుడితి తొట్టిని, నీళ్ల గోలెమును పలకతో మూయవలెను.

(2) మందలో అన్నిటికంటె పొగరుబోతు పెట్ట యేదో యెఱిగి, దానిని ఆనాడు వేఱుగ గంప క్రింద నుంచవలెను.

(3) మేతను ఒకేచోట గాక మూడు నాలుగు చోట్ల చల్లవలెను. ఒక్క మూకుడు చుట్టు పది కోళ్లు చేరినచోటనే పోరు పుట్టును.

(4) ఒక గంపను మూడు వ్రేళ్ల యెత్తున ఇటుకలపై బోర్లించి, దాని క్రింద పిల్లల మేత నుంచవలెను. పిల్లలు దూఱును, పెద్దవి దూఱలేవు. అదియే వానికి ఆశ్రయమును అగును.

(5) పిల్లలు దాగుటకు మఱి రెండుచోట్ల కంపయో, వాల్చిన తడికయో యుండవలెను.

ప్రొద్దు గ్రుంకుటకు ఒక గంట ముందుగ దడి తెఱవవలెను. ఆ వేళ కోళ్లు గూటి ధ్యాసలో నుండును. పోరు పుట్టినను చీకటితో ముగియును. ఇంటివారిలో నొకరు అక్కడనే కూర్చుండి చూడవలెను. తల్లి ముందుగ ఈకలు నిక్కించి ఒకటి రెండు పెట్టలపైకి లేచును. అవి తొలగిన యెడల పని సగము ముగిసినది. పిల్లల తల్లికి పౌరుషము మెండు. మునుపు తన్ను పొడిచిన పెట్టలును ఆ దినములలో దానికి దారి యిచ్చుట మేము పలుమాఱులు చూచితిమి. పుంజు సాధారణముగ పిల్లల జోలికి పోదు. గింజ దొరకినచో కూతవేసి పిలుచును.

ఒక పొడుపు పొడిచి, రెండవది తొలగినచో అది వరుస కుదురుట, చేయి పెట్టరాదు. కఱ్ఱ పట్టుకొని నడుమకు పరుగెత్తిన యెడల పిల్లలే చెదరును. కాని ఒక కోడి తొలగినదానిని విడువక తఱిమి తఱిమి పొడిచినను, నెత్తురు కనబడినను, పిల్లను వెదకికొని పోయి పొడిచినను వెంటనే దానిని పట్టి గంప క్రింద వేయవలెను. అట్టిచో తల్లిని, పిల్లలను తీసివేయుట పొరపాటు. పొడుచుదానినే తీసి మూడు దినములుంచవలెను. తిరిగి వచ్చునప్పటికి దాని పెద్దఱికము కొంత సడలియుండును.

మొదటిదినము ఒక గంట, మఱునాడు రెండు గంటలు, ఇట్లు వారము దినములలో పగలంతయు కలిసి తిరుగునట్లు చేయవచ్చును. రాత్రులు మాత్రము తల్లిని, పిల్లలను మందతో ఒకే గూటిలో మూయరాదు. పిల్లలు దండెమెక్కజాలవు, నేలపై నలిగిపోవును. తెల్లవాఱుజామున తలుపు తీయకముందు జరుగు పోరులు మన కంటబడవు. గూటి ప్రక్కనే వేఱు గంప క్రింద, పిల్లి లేపకుండ పైన బరువు పెట్టి, తల్లి తానుగా పిల్లలను దండెమెక్కించువఱకు నుంచుడు.

రెండవ చేరిక

ఇంతటితో పని ముగిసినదని చాలమంది తలంతురు. ఆఱు మొదలు ఎనిమిది వారముల నడుమ తల్లి జుట్టు మరల ఎఱ్ఱబాఱును. అది గ్రుడ్డునకు వచ్చును. తన పిల్లలనే పొడిచి తఱుమును. ఆ దినమున పిల్లలు రెండవసారి మందలో చేరుచున్నవి, ఈమాఱు కాపు లేకుండ. వరుసలో అన్నిటికంటె క్రింద నిలుచునవి అవియే. అప్పుడు వానికి గంప క్రింది మేత మానరాదు. తోడబుట్టిన పిల్లలను విడదీయక ఒక గుంపుగ తిరుగనియ్యవలెను. గ్రుడ్లు పెట్టు కోళ్లకొఱకు అంగడిలో అమ్ము మేతను పిల్లలకు పెట్టరాదు. అందలి సున్నము పిల్లల మూత్రపిండములకు చెఱుపు చేయును.

వేఱు సందర్భములు

గ్రుడ్లు మురిగి పిల్లలు లేవని పెట్టను, మందను చూచుచునే యున్నదైన యెడల, రాత్రి చీకటిలో దండెముపై నుంచిన చాలును. ఇద్దఱు తల్లులకు వేఱువేఱు వయస్సుల పిల్లలున్నచో ఒక తల్లి రెండవదాని పిల్లలను చంపవచ్చును. వారము వ్యవధి యిచ్చి ఒక్కొక్క తల్లినే విడువవలెను.

రాజేంద్రనగరమందలి కోళ్ల పరిశోధన సంస్థవారు కల్పించిన వనరాజ, గ్రామప్రియ జాతుల పెట్టలు పొదుగుట అరుదు. ఆ పిల్లలను తెచ్చువారు, ఒకటి రెండు దినముల పిల్లలైనచో, అప్పుడే పిల్లలు లేచిన నాటుపెట్ట క్రింద రాత్రివేళ చేర్చిన యెడల అది తన పిల్లలతో పాటు సాకవచ్చును. ఉదయమున తప్పక చూచుకొనవలెను. తల్లిలేక పెరిగిన పిల్లలను ఎనిమిది వారములు నిండి, ఒడలు ఇంచుమించు పెద్దవానికి సమీపించువఱకు మందలో విడువరాదు.

కన్నుచాటు చేయరాదని పైన చెప్పినది సొంత పెట్టకు మాత్రమే. సంతలో కొన్న కోడిని మూడు వారములు మందకు దూరముగనే యుంచి, తెగులు లేదని తెలిసిన పిమ్మట చూపుల పరిచయము మొదలిడవలెను.

తెగులు, సంఘము

రాణిఖేట్ అను హిమాలయ పట్టణమున 1927లో కనబడుటచే ఆ పేరు పొందిన కొక్కెర తెగులు, కలహముకంటె వేగముగ మందను తుడిచిపెట్టును. పిల్లలకు అయిదవదినము మొదలు ఏడవదినములోపల కంటిలోనో ముక్కులోనో టీకా చుక్క వేయించి, నాలుగవ వారమున మరల వేయించి, ఎనిమిదవ వారమున సూదిమందు వేయించుట వాడుక. మొదటి చుక్క బలము పిల్లకు పట్టుటకు కొన్ని దినములు కావలయును. రెండవ వారమంతయు దడిలో నుంచుటకు ఇది మఱియొక కారణము.

ఇక్కడనే సభ్యుల సహకారము కావలసియున్నది. టీకా సీసా ఒక్కొక్కటి నూఱు పిల్లలకో, అంతకు మించియో వచ్చును. కలిపిన పిమ్మట రెండు గంటలలో వాడి ముగింపవలెను. అంతవఱకు మంచులో నుండవలెను. పది పిల్లలున్న యింటివారు ఒక సీసాను ఎట్లు కొందురు? కొనక ఊరకుందురు. అందుచేతనే పల్లెలలో నాటుకోళ్లకు టీకా అందుట లేదు. ఒక వీధిలో పది యిండ్లవారు తమ పొదుగు పెట్టలను ఒకే వారమున కూర్చుండబెట్టిన యెడల, పిల్లలన్నియు ఒకే వారమున లేచును. సంఘము ఒక సీసా తెప్పించి, ఒక యుదయమున పశువైద్య సిబ్బందిచే అన్నిటికిని వేయింపవచ్చును. ఖర్చు పిల్ల యొక్కింటికి మిక్కిలి స్వల్పము. మా గ్రామములలోని సభ్యురాండ్రు వచ్చు పొదుగునకు ముందుగ సంఘ కార్యాలయమున పేర్లు వ్రాయించుకొనవలెనని కోరుచున్నాము.

మేము పైన చెప్పిన సభ్యురాలు మఱుసటి పొదుగునకు వసారా మూలను తడిక కట్టి, పైవిధముగ చేసెను. పది పిల్లలు లేచినవి. ఒకటి మూడవదినమున జబ్బుచే పోయినది. ఎనిమిది వారములు నిండునప్పటికి తొమ్మిదియు మందలో మేయుచుండెను. మేము చూడబోయిననాడు ఆమె కుడితి తొట్టిపై మూసిన పలకను చూపి, "ఇది మాత్రం ఇక తియ్యనండి" అనెను. ఈ వ్యాసము చదివినవారు వేఱేమి చేయకున్నను, నేడే ఆ పలక నొకటి వెదకి తొట్టిపై వేయుదురు గాక.